పొలిమేర దెబ్బ

మే నెల సోమవారం. సన్నటి తుంపర.
చర్చి గేటు దగ్గర పదకొండు మందిమి తేలాం,
రెండు కుక్కలు కాక.
చేతుల్లో బెరడు ఒలిచిన విల్లో బెత్తాలు.
ఐదు ఊళ్ళకు ఒక్కత్తే అయిన పాస్టరమ్మ
రబ్బరు బూట్లు తొడుక్కుంటూనే ప్రార్థన మొదలుపెట్టింది.
నా చంకలో పారిష్ రిజిస్టరు, పాలిథిన్ సంచిలో.

ఫెన్నికూంబ్‌కి పటం లేని రోజుల్లో
ఊరంటే ఒక నడక.
ఏడాదికోసారి పొలిమేర చుట్టూ తిరిగి
ఒక్కో హద్దురాయి దగ్గర ఒక్కో కుర్రాణ్ణి
కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తి, రాతి మీద కుదేసేవారు.
రేపు సాక్ష్యం చెప్పాలంటే
కాగితం కంటే పిర్రలు నయమని.

క్లెమెంట్ స్పర్లింగ్‌కి ఎనభై ఆరు.
మూడో రాయి కనబడగానే చెయ్యి వెనక్కి పోతుంది.
"ఇక్కడే. నలభై ఏడులో. మా మేనమామ.
ఆ చలికాలం గొర్రెలన్నీ మంచులో పోయాయి,
ఆ కసంతా నా మీద తీర్చుకున్నాడు."
రాయి మీది అక్షరాన్ని నాచు తినేసింది.
అతని నడుములో మాత్రం చెక్కు చెదరలేదు.

అక్కణ్ణుంచి కంచె.
హాథార్న్ పూసింది. దగ్గరికెళ్తే వాసన
సగం తేనె, సగం చచ్చిన ఎలుక.
కంచె చేను మేయడమంటే మా ఊళ్ళో మాటవరస కాదు.
ఎప్పుడో లండన్‌లో ఎవరో సంతకం గీకితే
అందరి బీడూ ఒక్కడి పొలమైంది. ఈ ముళ్ళు అప్పటివే.
ఒక్క ఆవును మేపుకునే ప్రూడెన్స్ హేజల్
ఆవునమ్మేసి పలుపుతాడు దాచుకుంది.
అది ఇప్పటికీ పబ్బులో, పొగగొట్టం పక్కన, మేకుకి.
వచ్చేపోయేవాళ్ళు ఉరితాడనుకుని
ఫోటోలు తీసుకుంటారు.
మేమూ కాదనం.

వాలు దిగితే వాగు. వాగు దాటితే పాత ధాన్యపు కొట్టం.
కొట్టమిప్పుడు ఇల్లు. పొలిమేర మాత్రం
తన దారి మార్చుకోలేదు, వాళ్ళ వంటింట్లోంచే పోతుంది.
నర్సు ఫొలాకే కిటికీ తెరిచి, సింకులో గిన్నెలు తీసి,
"రండి" అంది, రోజూ జరిగేదే అన్నట్టు.
పదకొండు మందిమీ కిటికీలోంచి లోపలికి, తలుపులోంచి బయటికి.
క్లెమెంట్ కాలు సబ్బునీళ్ళలో పడింది.
పాస్టరమ్మ కేకు తింటూ వెనకబడింది.
ఏడేళ్ళ టీవా బెత్తం అడిగి పుచ్చుకుని
అందరికంటే ముందు నడిచింది.
ఈ ఏడు ఊరి మొత్తానికీ దొరికిన పిల్ల అదొక్కతే.

తొమ్మిదో రాయి లేదు.
ఏ ట్రాక్టరో పెకలించి ఉంటుంది.
ఉండాల్సిన చోట నెటిల్ పొదలు, నడుమెత్తున.
మనుషులు కాపురమున్న చోటే ఆ మొక్క బలుస్తుందంటాడు క్లెమెంట్.
ఒకప్పుడిది ఎగువ వీధి. మహమ్మారి వచ్చిన వేసవిలో
పద్నాలుగు పొయ్యిలు ఒకదాని వెంట ఒకటి ఆరాయి.
పేర్లు రాసే గుమాస్తా కూడా
ఒక పేరు సగంలో ఆగిపోయాడు.
నేల మాత్రం ఆరున్నర శతాబ్దాలుగా
ఆ బూడిద రుచి మరవలేదు.

"నన్నెక్కడ కుదేస్తారు?" అంది టీవా.
ఇప్పుడలా చెయ్యకూడదని పాస్టరమ్మ,
ఇన్సూరెన్సు ఒప్పుకోదని నేను.
ఈలోగా అది రాయి వెతుకుతూ పొదలో చెయ్యి పెట్టింది.

కేక వాగు అవతలికి వినబడింది.
మోచేతి దాకా తెల్లటి దద్దుర్లు.
క్లెమెంట్ డాక్ ఆకు తుంచి, ఉమ్మితో తడిపి,
పచ్చటి రసం కారేదాకా రుద్దాడు.
రుద్దుతూనే, "ఇంకెక్కడా కుదెయ్యనక్కర్లేదు" అన్నాడు,
"వాళ్ళే చూసుకున్నారు."

పిల్ల ఏడుపు ఆపి అటు చూసింది,
ఎవరున్నారా అని.

రిజిస్టరులో రాశాను: తొమ్మిదో రాయి కనబడలేదు.
తడికి సిరా అలుక్కుపోయింది.
సరే, డెబ్బై ఏళ్ళ తర్వాత ఎవరికైనా కావాలంటే
టీవాని అడగండి.
ఎడమ చెయ్యి.